జువో యుయెజు: చైనా బాలింతకు నెల రోజుల పథ్యం పెట్టే పద్ధతి

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌలో ఉన్న రోజుల్లో పక్కింటి కోడలు ప్రసవించిందని తెలిసి, మూడో నాడు కోడి పులుసు కాచి గిన్నె నిండా తీసుకెళ్లాను. వాళ్ల అత్తగారు రెండు చేతులతో అందుకుని, మర్యాదగా పక్కన పెట్టి, "ఇది మూడో వారానికి పనికొస్తుంది. ఇప్పుడు పెడితే ఒంటికి పట్టదు" అన్నారు. బాలింతకు బలమైన తిండి ఎంత తొందరగా పెడితే అంత మంచిదని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ నెల ఆ వంటింటికి వెళ్లి వస్తూ ఉంటే అసలు సంగతి తెలిసింది. ఏం పెట్టాలన్నదాని కంటే ఏ వారంలో పెట్టాలన్నదే వాళ్ల పథ్యానికి ప్రాణం.

సింగపూర్, మలేసియా, అమెరికాల్లో చైనా కోడలు ఉన్న తెలుగు ఇళ్లు ఇప్పుడు కనిపిస్తున్నాయి. ఆ అమ్మాయికి పురుడు పోయవలసి వచ్చిన అత్తగారికి, స్నేహితురాలి పురిటికి సాయం వెళ్లే వారికి, వాళ్ల ఆచారం సరిగ్గా తెలుసుకోవాలనుకునే వారికి ఈ పద్ధతి రాస్తున్నాను. ఇందులో వంటలు ఉన్నాయి, కట్టుబాట్లు ఉన్నాయి, వదిలేయవలసినవీ ఉన్నాయి.

ముందు ఆలోచన అర్థం చేసుకోండి

జువో యుయెజు అంటే అక్షరాలా "నెల కూర్చోవడం". ప్రసవమైన రోజు నుంచి 30 రోజులు బాలింత ఇంటి పని ముట్టుకోదు, గడప దాటదు, వేడిగా వండినదే తింటుంది. కొన్ని ఇళ్లలో 40 రోజులు పాటిస్తారు. ఏడో శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావ్ అయితే ప్రసవం తరువాత 100 రోజులు జాగ్రత్తగా ఉండాలని రాశాడు.

చైనా సంప్రదాయ వైద్యం లెక్కలో రక్తం పోవడమంటే ఒంట్లో వేడి పోవడమే. ప్రసవంలో రక్తం పోయిన స్త్రీ శరీరం చల్లబడి ఉంటుంది, కీళ్లు తెరుచుకుని ఉంటాయి, ఆ సందుల్లోంచి "గాలి" దూరుతుంది. అలా దూరిన గాలి కొన్నేళ్ల తరువాత కీళ్ల నొప్పిగా, తలనొప్పిగా బయటపడుతుందని నమ్మకం. బాలింత చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, శొంఠి కాయం తినిపించే మన పెద్దలకు ఈ మాట కొత్తగా అనిపించదు. అందుకే చైనా అత్తగారికీ తెలుగు అత్తగారికీ ఈ విషయంలో భాష తెలియకపోయినా మాట కలుస్తుంది.

నెలను వాళ్లు నాలుగు వారాలుగా చూస్తారు. మొదటి వారం లోపలి మలినం బయటికి పోవాలి, రెండో వారం ఒళ్లు కుదుటపడాలి, మూడో వారం బలం చేరాలి, నాలుగో వారం ఆ బలం నిలవాలి. అలసిన శరీరం బలమైన ఆహారాన్ని అందుకోలేదన్నది దీని వెనక ఉన్న సూత్రం. నేను తీసుకెళ్లిన గిన్నె పక్కకు వెళ్లింది అందుకే.

మొదటి మెట్టు: ఆమె పుట్టింటి ఊరు అడగండి

చైనా పథ్యం అని ఒకే పథ్యం లేదు. ఉత్తరాదిలో కొర్రల జావ, ఎర్ర చక్కెర, ఉడికించిన గుడ్లు ప్రధానం. సిచువాన్‌లో పులియబెట్టిన తీపి అన్నంలో గుడ్డు కొట్టి వేసి ఇస్తారు. గ్వాంగ్‌డాంగ్, హాంగ్‌కాంగ్‌లలో అల్లం, తీపి వెనిగర్, పంది కాళ్లు వండుతారు. తైవాన్‌లో నువ్వుల నూనె కోడి చేస్తారు. దక్షిణ చైనాలో ఎక్కువగా ఉండే హక్కా వాళ్ల ఇళ్లలో జిగురు బియ్యంతో ఇంట్లోనే కాచిన మద్యం పోసి కోడి వండుతారు. ఉత్తరాదిన ఉన్న హార్బిన్ అమ్మాయికి వెనిగర్‌లో ఊరిన పంది కాళ్లు పెడితే అది ఆమెకు పుట్టింటి తిండి కాదు. బాలింతకు వాళ్ల అమ్మ చేతి వంట గుర్తుకు రావడమే సగం బలం, కాబట్టి ఈ ప్రశ్న నెల రోజుల ముందే అడగండి.

అప్పుడే సరుకులు సమకూర్చుకోవాలి. ముదురు అల్లం కిలోలకొద్దీ కావాలి. లేత అల్లం పనికిరాదు, అందులో ఘాటు ఉండదు. నల్ల నువ్వుల నూనె చైనా సరుకుల దుకాణంలోనే కొనండి. మన గానుగ నూనె పచ్చి నువ్వులతో ఆడినది, వాళ్లది వేయించిన నువ్వులది. రంగు, వాసన, రుచి మూడూ వేరు.

ఎర్ర ఖర్జూరాలు అని అమ్మేవి నిజానికి ఖర్జూరాలు కావు, మన రేగుపండుకు దగ్గరి చుట్టాలు. అవి ఒక కిలో, లిచీని పోలిన లాంగన్ పండ్లు ఎండువి, గోజీ అనే చిన్న ఎర్రటి ఎండు పండ్లు కొద్దికొద్దిగా తెచ్చుకోండి. చైనా వాళ్లు పసుపు చిరుధాన్యం అని జావ కాచేది మన కొర్రలే. తెలుగు ఇంట్లో అవి ఎలాగూ దొరుకుతాయి.

వండి పెట్టే మనిషి ఎవరన్నది కూడా ముందే తేల్చుకోండి. చైనాలో తల్లి గానీ అత్త గానీ లేకపోతే యుయెసావ్ అనే పురిటి ఆయాను నెల జీతానికి కుదుర్చుకుంటారు, నగరాల్లో అయితే నెల పాటు ఉండే ప్రత్యేక బాలింత కేంద్రాలకు వెళతారు. మంచి యుయెసావ్ కోసం ప్రసవానికి నెలల ముందే మాట్లాడుకుంటారు.

మొదటి వారం: పోనివ్వాలి

ఈ వారం తిండి పలుచగా, వేడిగా, మెత్తగా ఉండాలి. సిజేరియన్ అయితే ఆసుపత్రి వాళ్లు చెప్పేదాకా ఏదీ మొదలుపెట్టకండి.

కొర్రల జావతో ఆరంభించండి. ఒక గిన్నె కొర్రలు కడిగి, పది గిన్నెల మరిగే నీళ్లలో వేసి, మంట బాగా తగ్గించి నలభై అయిదు నిమిషాలు కాయండి. అప్పుడప్పుడు అడుగు కలుపుతూ ఉండాలి. దించాక కదపకుండా వదిలేస్తే పైన సన్నని మీగడ వంటి పొర కడుతుంది. దానిని వాళ్లు "ధాన్యపు నూనె" అంటారు, బాలింతకు అదే సారమని ముందు అదే తీసి ఇస్తారు. అందులో ఎర్ర చక్కెర ఒక చెంచా కలుపుతారు. ఎర్ర చక్కెర మన బెల్లానికి దగ్గరగా ఉంటుంది. అది దొరకకపోతే బెల్లం వేయండి. రేషను చీటీల కాలంలో చైనాలో బాలింతకు ఎర్ర చక్కెర ప్రత్యేకంగా కేటాయించేవారు. దాని మీద ఆ దేశానికి ఉన్న గౌరవం అంతటిది. మధుమేహం ఉన్న తల్లికి మాత్రం చక్కెర మానేసి, ఉప్పటి జావ ఇవ్వండి.

తైవాన్ పద్ధతిలో ఈ వారానిది పంది కాలేయం. పలుచని ముక్కలుగా కోసి, అల్లంతో నువ్వుల నూనెలో వేయించి, పూర్తిగా ఉడికించి పెడతారు. రక్తం పోయిన ఒంటికి ఇనుము అందుతుంది, ఇందులో తర్కం ఉంది. పంది మాంసం తినని ఇంట్లో కోడి కాలేయం ఆ పని చేస్తుంది. వారానికి రెండు మూడు సార్లకు మించవద్దు, కాలేయంలో విటమిన్ ‘ఎ’ చాలా ఎక్కువగా ఉంటుంది.

ఈ వారంలోనే షెంగ్‌హువా కషాయం మాట వస్తుంది. పదిహేడో శతాబ్దపు వైద్యుడు ఫు చింగ్‌జు పేరుతో వచ్చిన మందు ఇది. డాంగ్‌గుయ్ వేరు, చువాన్‌షియోంగ్ వేరు, పీచ్ గింజల పప్పు, మాడేదాకా వేయించిన శొంఠి, అతిమధురం కలిపి కాస్తారు. గర్భాశయంలో మిగిలిన రక్తం బయటికి పోవడానికి కొద్ది రోజులు మాత్రమే ఇస్తారు. నా సలహా ఒక్కటే: ఇది వంట కాదు, మందు. అర్హత ఉన్న చైనా వైద్యుడు నాడి చూసి రాస్తేనే, ప్రసవం చేసిన డాక్టరుకు చెప్పాకే ఇవ్వండి. రక్తస్రావం ఎక్కువగా ఉన్నా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నా అసలు వద్దు. ఎండుమూలికల దుకాణంలో పొట్లం కట్టి ఇచ్చారని కాచి పోయడం ప్రమాదం.

పాలు పడాలని ఈ వారంలోనే చిక్కటి కొవ్వు సూపులు పోయకండి. పాల నాళాలు ఇంకా పూర్తిగా తెరుచుకోక ముందే చిక్కని సూపులు పోస్తే రొమ్ములు గడ్డకట్టి బాధపెడతాయని చైనా యుయెసావ్‌లు గట్టిగా చెబుతారు. ఈ రోజుల్లో పాలు రావడానికి బిడ్డ నోరే మందు. ఎన్నిసార్లు పట్టిస్తే అన్ని పాలు.

రెండో వారం: కుదుటపడాలి

ఇక్కడ ఎర్ర ఖర్జూరాల తేనీరు మొదలవుతుంది. పేరుకు తేనీరే, ఇందులో తేయాకు ఉండదు. పది ఖర్జూరాలు గింజ తీసి, పది లాంగన్ పండ్లు కలిపి, లీటరున్నర నీళ్లలో అరగంట సన్నని మంట మీద కాయండి. దించే ముందు గుప్పెడు గోజీ పండ్లు వేయండి. ఫ్లాస్కులో పోసి బాలింత మంచం పక్కన పెడితే రోజంతా వేడిగా తాగుతుంది. చల్లని నీళ్లు ముట్టుకోని ఆచారంలో ఒంటికి కావలసిన నీరంతా ఇలాగే అందుతుంది.

పాల కోసం చేప సూపు కూడా ఇప్పుడే. వాళ్లు మంచినీటి చేప చిన్నవి వాడతారు. చేపను అల్లంతో నూనెలో రెండు వైపులా ఎర్రగా వేయించి, దాని మీద మరిగే నీళ్లే పోయాలి. చల్లని నీళ్లు పోస్తే సూపు తెల్లబడదు. పెద్ద మంట మీద పదిహేను నిమిషాలు ఉడికితే కొవ్వు నీటిలో కలిసిపోయి సూపు పాలలా తెల్లగా మారుతుంది. చివర్లో టోఫు ముక్కలు వేస్తారు. ఆ తెలుపు చూసే పాలు పెరుగుతాయని నమ్మారనిపిస్తుంది. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, వేడి ద్రవం, మాంసకృత్తులు రెండూ దొరుకుతాయి. ముళ్లు వడకట్టి ఇవ్వండి, అలసిన మనిషి ముళ్లు చూసుకుంటూ తినలేదు.

మూడో వారం: బలం చేరాలి

తైవాన్ నువ్వుల నూనె కోడి ఈ వారానిది. అందులో మొత్తం నైపుణ్యం అల్లం దగ్గరే ఉంది. ముదురు అల్లాన్ని తొక్కతోనే పలుచగా కోసి, నల్ల నువ్వుల నూనెలో సన్నని మంట మీద అంచులు ముడుచుకునేదాకా వేయించాలి. మంట పెంచితే ఈ నూనె చేదెక్కుతుంది, ఆ చేదు కుండ మొత్తం పట్టుకుంటుంది. తరువాత నాటుకోడి ముక్కలు వేసి తిప్పి, బియ్యపు మద్యం పోసి నలభై నిమిషాలు ఉడికిస్తారు. సంప్రదాయంలో ఉప్పు వేయరు. ఉప్పు పూర్తిగా మానడానికి కారణమేమీ లేదు, కొద్దిగా వేసుకోవచ్చు.

మద్యం దగ్గర ఆగాలి. మరిగిస్తే మద్యం మొత్తం ఆవిరైపోతుందని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. అరగంట ఉడికినా సుమారు 35 శాతం మిగులుతుంది, గంటకు 25 శాతం, రెండున్నర గంటలకు కూడా 5 శాతం దాకా ఉంటుంది. తల్లి తాగింది పాలలోకి వెళుతుంది. బిడ్డకు పాలిస్తున్న తల్లికి నీళ్లతోనే వండండి, వేయించిన అల్లం, నువ్వుల నూనె రుచిని అవే మోస్తాయి. సిజేరియన్ గాయం ఇంకా ఎర్రగా ఉన్నా, ఒంట్లో జ్వరం ఉన్నా ఈ కోడిని వాయిదా వేయడం వాళ్ల ఆచారంలోనే ఉంది.

అల్లం వెనిగర్: నెల మొత్తానికి తల్లి వంట

గ్వాంగ్‌డాంగ్ ఇంట్లో ప్రసవం జరిగిందని ఆ అంతస్తు మొత్తానికి తెలిసేది ఈ వాసనతోనే. మా పక్కింటి పెద్దావిడ ప్రసవానికి మూడు వారాల ముందే కుండ పొయ్యి మీద పెట్టారు. ఈ వంటకు తొందర పనికిరాదు.

మట్టి కుండ గానీ పింగాణీ కుండ గానీ కావాలి. వెనిగర్ అల్యూమినియంతో, ఇనుముతో కలిస్తే రుచీ పాడు, ఆరోగ్యమూ పాడు. ముదురు అల్లం ఒక కిలో తీసుకుని చెంచాతో తొక్క గీరి, కడిగి, ఒక పూట ఎండనివ్వాలి. నీటి తడి మిగిలితే కుండ నిలవ ఉండదు. ముక్కలను చిదిమి, నూనె లేకుండా పెనం మీద ఆవిరి పోయేదాకా వేయించాలి. కుండలో వేసి, రెండు లీటర్ల తీపి నల్ల వెనిగర్ పోసి, మరిగాక మంట తగ్గించి గంటసేపు ఉంచాలి. చప్పగా అనిపిస్తే నల్ల జిగురు బియ్యపు పుల్లని వెనిగర్ ఒక గ్లాసు కలపండి. ఆపై మూత పెట్టి వదిలేయండి. రెండు మూడు రోజులకొకసారి మరిగించి మళ్లీ దించాలి. అల్లం ఘాటు తగ్గి తియ్యబడేదాకా ఇదే పని.

పంది కాళ్లు బాలింత తినే రోజుకు ముందు వేస్తారు. వెంట్రుకలు గీరి, మరిగే నీళ్లలో అయిదు నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, తడి ఆరాక కుండలోకి దించాలి. గంటన్నర సన్నని మంట. ఎముకల సున్నం కొంత వెనిగర్‌లోకి దిగుతుంది, ఈ వంటకు ఇంత పేరు రావడానికి అదొక కారణం. మన మేక కాళ్ల పాయా ఎందుకు కాస్తామో తెలిసిన వారికి ఇది చెప్పనక్కరలేదు. ఉడికించి పెంకు తీసిన గుడ్లు పది, మంట ఆపేశాక వేసి రాత్రంతా ఊరనివ్వండి. గుడ్లు మరిగిస్తే రబ్బరులా గట్టిపడతాయి. మర్నాటికి అవి గోధుమ రంగు తిరిగి, లోపలిదాకా తీపి పులుపు పట్టి ఉంటాయి. పంది కాళ్లు తినని ఇంట్లో అల్లం, గుడ్లతోనే కుండ పెట్టుకోవచ్చు.

బాలింతకు రెండు వారాలు దాటి, రక్తస్రావం తగ్గుముఖం పట్టాకే ఈ గిన్నె అందిస్తారు. చూడటానికి వచ్చిన వారికి కూడా ఒక గిన్నెలో పోసి ఇస్తారు, వద్దనకండి. అది ఆ ఇంటి శుభవార్త.

తిండి కాని కట్టుబాట్లు

స్నానం, తలస్నానం నెల రోజులు చేయకూడదని పాత నియమం. వేడి సౌకర్యం లేని ఇంట్లో, చలికాలంలో, తడి జుట్టుతో బాలింత వణికిపోయే రోజుల్లో పుట్టిన నియమం అది. ఇప్పుడు వేడి నీళ్లు, జుట్టు ఆరబెట్టే యంత్రం ఉన్నాయి. కుట్లు శుభ్రంగా ఉంచడానికి స్నానం తప్పదు. ఆచారం విడవడానికి మనసొప్పని పెద్దలు ఉంటే మధ్యేమార్గం వాళ్ల దగ్గరే ఉంది: అల్లం తొక్కలు, మాచిపత్రి జాతి ఆకులు వేసి మరిగించిన నీళ్లు గోరువెచ్చగా చల్లార్చి వాడతారు. గది వెచ్చగా ఉంచి, తొందరగా తుడిచి, జుట్టు పూర్తిగా ఆరబెట్టండి.

గాలి సంగతి మాత్రం నేను నొక్కి చెబుతాను. మండు వేసవిలో కిటికీలు మూసి, ఏసీ ఆపి, దుప్పటి కప్పి పడుకోబెట్టడం వల్ల బాలింతలు వడదెబ్బతో చనిపోయిన వార్తలు చైనా పత్రికల్లో వచ్చాయి. గది 26 డిగ్రీల దగ్గర ఉంచండి, గాలి నేరుగా మీదికి రాకుండా చూడండి. సాక్సులు, పొడుగు చేతుల చొక్కా చాలు. పెద్దలు కోరిన "గాలి తగలకూడదు" అన్న మాట అప్పుడు కూడా నిలుస్తుంది.

మంచం దిగకూడదన్న నియమమూ అంతే. నెల రోజులు కదలకుండా పడుకుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గదిలో, వరండాలో నెమ్మదిగా నడిపించండి. బరువులు ఎత్తనివ్వకండి, వంగి బట్టలు ఉతకనివ్వకండి, ఆ భాగం పూర్తిగా పాటించండి. ఆచారంలో అన్నిటికంటే విలువైనది అదే.

కూరగాయలు, పండ్లు చలువని కొన్ని ఇళ్లలో నెలంతా మానేస్తారు. మాంసం, గుడ్లు మాత్రమే తిన్న బాలింతకు మలబద్ధకం వస్తుంది, కుట్లు ఉన్న మనిషికి అది నరకం. ఆకుకూరలు అల్లంతో వేయించి, పండు ముక్కలు వేడి నీళ్లలో కాసేపు ఉంచి పెడితే చైనా అత్తగారు కూడా ఒప్పుకుంటారు.

బిడ్డకు కామెర్లు వస్తే చేదు హువాంగ్‌లియాన్ వేరు నీళ్లు పట్టే అలవాటు దక్షిణ చైనా కుటుంబాల్లో ఉండేది. అసలు పట్టకండి. ఆ ప్రాంతపు వారిలో జి6పిడి అనే ఎంజైము లోపం ఎక్కువగా కనిపిస్తుంది, ఆ బిడ్డలకు కామెర్లు ముదిరితే మెదడుకే ప్రమాదం. పసుపు పెరుగుతుంటే నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఏ వారమైనా గంటలో ఒక ప్యాడు పూర్తిగా తడిసిపోయినా, జ్వరం 38 డిగ్రీలు దాటినా, ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, తలనొప్పితో చూపు మసకబారినా, ఊపిరి ఆడకపోయినా ఆచారం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. ఏడుస్తూ ఉండటం, బిడ్డ వైపు చూడకపోవడం, బతకాలని లేదనడం కూడా ఈ జాబితాలోవే. బాలింత ఏడిస్తే కళ్లు పాడవుతాయని నోరు మూయించే ఇళ్లున్నాయి. ఆమె ఏడుపు వినండి, ఎందుకో అడగండి.

నాలుగో వారం, నెల నిండిన రోజు

చివరి వారంలో తిండి ఇంట్లో అందరి తిండికి దగ్గరవుతుంది. సూపులు తగ్గించి అన్నం, కూర పెంచండి. నెల నిండిన రోజు బిడ్డకు మొదటి జుట్టు తీస్తారు, ఆ వెంట్రుకలతో రాత కుంచె చేయించి దాచుకునే కుటుంబాలూ ఉన్నాయి. చుట్టాలకు విందు పెట్టి, ఎర్ర గుడ్లు పంచుతారు. ఎర్ర గుడ్లకు పది నిమిషాలు ఉడికించి, పెంకు తడి పూర్తిగా తుడిచి, వంటకు వాడే ఎర్ర రంగును వెనిగర్ కలిపిన నీళ్లలో కరిగించి, అందులో దొర్లించి జల్లెడ మీద ఆరబెట్టండి. తడి గుడ్డుకు రంగు మచ్చలుగా పడుతుంది. మా పక్కింటి కోడలు ఆ రోజు మొదటిసారి గడప దాటి, రెండు ఎర్ర గుడ్లు, కాస్త అల్లం పట్టుకుని మా తలుపు తట్టింది. నేను మూడో నాడు ఇచ్చిన గిన్నె కూడా కడిగి తెచ్చింది.